మసినా పిలిచే అమ్మ

గ్రే లిన్, ఆక్లాండ్
1983 ఏప్రిల్

చెల్లీ లుపే,

పిల్ల చేరింది. విమానంలో పాస్టరుగారి అత్తగారి ఒళ్ళోనే పడుకుని వచ్చిందట. ఆవిడ దిగినప్పటినుంచీ మోకాళ్ళు పట్టేశాయని నాకు వినబడేలా మూలుగుతోంది. ఓ కోడి వండి పంపితే తప్ప ఆ మూలుగు ఆగేట్టు లేదు. నువ్వు పంపిన చేమదుంపలకి మట్టి ఉందని విమానాశ్రయంలోనే తీసేసుకున్నారు. కడిగి పంపమని ఎన్నిసార్లు చెప్పాను? నీ చెవిన పడితేగా.

మీ బావ సెఫో గదికి పసుపు రంగు వేశాడు. మంచం కొన్నాం. మసినా దాని వంక ఒకసారి చూసి కింద చాప పరచుకుంది. చాప మధ్యలో పడుకోవచ్చుగా, ఓ అంచుకి ఒదిగి పడుకుంటుంది. అలవాటు లేదు కదా, వస్తుందిలే. బూట్లు తొడిగితే కాలికి తాడు కట్టిన కోడిపిల్లలా నడుస్తోంది. వీధిలో వాళ్ళు చూసి నవ్వుతుంటే నాకు రోషం వచ్చి, దాన్ని ఎత్తుకుని నడిచాను. ఐదేళ్ళ పిల్ల, బరువే. అయినా ఎంత బాగుందో చెప్పలేను లుపే, ఆ బరువు.

ఒక సంగతి చెప్పాలి. వచ్చిన మర్నాడే 'అమ్మా' అని పిలిచింది. నేను వంటింట్లో ఉన్నాను. పొద్దు వాలుతోంది. వీధి గుమ్మంలో నుంచుని, "అమ్మా, లోపలికి రా, తిందాం" అంది. చేతిలో గరిటె ఎక్కడ పడేశానో తెలియదు, పరుగెత్తాను. సెఫో నవ్వి, "నలభై ఏళ్ళకి నీకు పురుడొచ్చిందే" అన్నాడు. నేను లోపలే ఉన్నానుగా, లోపలికి రమ్మనడమేమిటి అని తర్వాత అనిపించింది. పిల్లల మాటలకి వరస ఏముంటుంది.

జనవరిలో అమ్మని మట్టి చేసిన మర్నాడు నలుగురిలో నోరు తెరిచి అడిగాను. నువ్వు కాదనలేదు. ఒళ్ళో ఇద్దరు, కడుపులో ఒకరు ఉండి కూడా నీ పెద్ద పిల్లని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టావు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. కోర్టు పని కూడా అయిపోయింది. అదంతా బడి కోసం, వీసా కోసం. నువ్వు బుర్ర పాడుచేసుకోకు.

నీ అక్క
తిరెసా

*

వైమోఅనా, సవాయీ దీవి, సమోవా
మే నెల

అక్కా,

నీ ఉత్తరం మా ఆయన పెని అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు. కోడిపిల్ల దగ్గరికి వచ్చేసరికి పిన్ని నవ్వలేక దగ్గు తెచ్చుకుంది. మళ్ళీ చదవమంది. ఇప్పుడు ఊళ్ళో ఎవరి నడక బాగాలేకపోయినా 'మసినా బూట్లు' అంటున్నారు.

చేమదుంపలు కడిగే పంపాను. మట్టి కాదది, నీకు తెలిసిన వాసన రావాలని కాస్త వదిలేశాను. నాదే తప్పులే.

ఇక్కడ అంతా బాగున్నాం. అమ్మ సమాధికి సిమెంటు వేశారు. తెల్లగా, ఇంటి ముందు, వీధిలోంచి చూస్తే కనబడేలా వచ్చింది. నువ్వు పంపిన పూలు గాజు పెట్టెలో పెట్టాం. మసినా వెళ్ళేదాకా పూట పూటకీ కంచం పట్టుకెళ్ళి అమ్మ పక్కన కూర్చుని తినేది కదా. ఇప్పుడు అక్కడ కోళ్ళు కూర్చుంటున్నాయి. తోలినా పోవు.

చీకటి పడే వేళ దాని జుట్టు విరబోయనివ్వకు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టాక పాటలు పాడనివ్వకు. అక్కడ గంట కొట్టరేమో, పొద్దు చూసి నువ్వే లోపలికి లాగెయ్యి. రాత్రి నిద్రలో మాట్లాడుతోందా? ఊరికే అడిగాను.

అక్టోబరులో పిల్లల ఆదివారానికి పంపుతావుగా. పాస్టరుగారు అప్పుడే దానికి వాక్యం కేటాయించేశారు. గుడిలో ముందు వరసలో నుంచుని చెప్పాలి. తెల్ల గౌను నేను కుడతాను, కొలత రాసి పంపు.

అమ్మా అని పిలిచిందన్నావు. మంచిదే.

నీ చెల్లెలు
లుపె

*

గ్రే లిన్
జూన్

లుపే,

ఇది నువ్వొక్కదానివే చదువు. పెని చేతికి ఇవ్వకు. అడిగితే గౌను కొలతలని చెప్పు.

ముందు నవ్వే సంగతి. మా పక్కింటి డూలన్ ముసలాయన నీకు తెలియదు. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు, మా సెఫో డ్రమ్ములో కోళ్ళు కాలిస్తే కంచె మీదనుంచి పొగని తిడతాడు. పోయిన వారం పొద్దు వాలాక మన పిల్ల మెట్ల మీద నుంచుని, మన ఊళ్ళో దారిన పోయేవాళ్ళని పిలిచినట్టు, గొంతెత్తి "రా, తిందాం రా, చలిగా ఉంది లోపలికి రా" అని పిలుస్తోంది. మన మాట ఆయనకేం తెలుసు. తననే పిలుస్తోందనుకుని, తల దువ్వుకుని, గిన్నెలో సూప్ పోసుకుని వచ్చి గుమ్మంలో నుంచున్నాడు. ఏం చేస్తాం, కూర్చోబెట్టి పెట్టాం. కొబ్బరిపాలలో చేమాకు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. ఇప్పుడు రోజూ ఆ వేళకి ఆయన గేటు కిర్రుమంటోంది.

సెఫో కడుపుబ్బ నవ్వాడు. నేనూ నవ్వాను. డూలన్ వచ్చినందుకు పిల్ల మాత్రం నవ్వలేదు. ఆయన్ని దాటి చీకట్లోకి చూస్తూ నుంచుంది.

రోజూ ఇంతే లుపే. ముందు వాకిట్లో ఇదివరకటి యజమానులు గులాబీలకి ఇటుకలు పేర్చి కట్టిన గట్టు ఉంది. మనిషి పొడవుంటుంది. మసినా దానికి సముద్రపు గవ్వలు పేర్చింది, గడ్డి పీకింది. కంచం పట్టుకెళ్ళి అక్కడ కూర్చుంటుంది. ఈ నెలల్లో ఇక్కడ చలికాలం, చలికి పెదాలు నల్లబడుతున్నా లేవదు. "ఇక్కడ ఎవరున్నారే" అంటే నా మొహం చూసి, "ఎవరూ లేరు. నువ్వు మన వాళ్ళని ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. ఇంటి ముందు చచ్చినవాళ్ళు లేని ఇల్లు అది ఎప్పుడు చూసిందని.

నిన్న మళ్ళీ 'అమ్మా' అంది. నేను దాని వెనకే ఉన్నాను. "ఇక్కడున్నానే" అన్నాను. వెనక్కి తిరిగి, "నువ్వు కాదు, తిరెసా" అంది. కోపం లేదు, ఏమీ లేదు. దారి అడిగినవాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. మళ్ళీ అటు తిరిగి, "అమ్మకి చలేస్తోంది, దుప్పటి ఇవ్వు" అంది.

అమ్మ దగ్గర పెరిగిన పిల్ల అమ్మని కాక ఎవరిని అమ్మా అంటుంది? నీకు ముందే తెలుసు. తెలిసి 'మంచిదే' అని రాశావు. నా ముచ్చట చెడగొట్టడం ఎందుకని అనుకున్నావేమో. నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

అక్టోబరు సంగతి ఇప్పుడే చెప్పలేను. బడి ఉంటుంది, టిక్కెట్లు పిరం. చూద్దాం.

తిరెసా

*

వైమోఅనా
జులై

అక్కా,

నీ ఉత్తరం తోటలో పాక దగ్గరికి తీసుకెళ్ళి చదువుకున్నాను. పెని కొలతలేవని అడిగితే దారిలో తడిసిపోయాయన్నాను. నమ్మాడో లేదో.

పిల్లలు మరిచిపోతారక్కా. కొత్త చోటు, చలి. పొద్దున లేవగానే ప్రార్థన చేయించు. ఈ ఉత్తరం తెచ్చే సావిలి చేత నూనె సీసా, ఆకులు పంపుతున్నాను. ఛాతీకి రాయి.

నాకు నెలలు నిండుతున్నాయి. కాళ్ళు వాచాయి. ఎక్కువ రాయలేను.

అమ్మ దాంతో ఏమంటోందట? మసినా ఏమైనా చెప్పిందా? చెప్పి ఉంటే ఉన్నదున్నట్టు రాయి.

లుపె

*

గ్రే లిన్
ఆగస్టు

లుపే,

నీ నూనె సీసా అందింది. నీ ఉత్తరం నాలుగు ముక్కలూ అందాయి. అందులో చివరి ముక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

పిల్ల చిక్కిపోయింది. గౌనులో ఊగుతోంది. ఆ ఇటుకల గట్టు మీద ఒక కంచం పెడితే తప్ప ముద్ద ముట్టదు. బడిలో టీచరమ్మ మంచిదే, పిలిచి కూర్చోబెట్టి, పిల్లకి ఇంటి మీద బెంగ, పోతుంది అంది. ఆసుపత్రిలో రక్తం తీశారు. ఏమీ లేదన్నారు. జ్వరం లేదు, దగ్గు లేదు. పొద్దు వాలేసరికి మెట్ల మీద ఉంటుంది. వానలో కూడా. డూలన్ గొడుగు తెచ్చి దాని మీద పట్టి నుంచుంటాడు, ఏమీ అడగడు. ఆ ముసలాయన్ని నేను ఇన్నేళ్ళూ తిట్టుకున్నానే అనిపించింది.

పాస్టరుగారికి తెలియకుండా ఊరి అవతలి ఒటారా నుంచి నూనె పట్టే పౌలినాని పిలిపించాను. నీకు గుర్తుండదు, మన పెద్దమ్మకి పట్టిన గాలి వదిలించింది ఆవిడే. పిల్లని ఒళ్ళో వేసుకుని వీపంతా నూనె పట్టింది. పడుతూ, పిల్లతో కాదు, పిల్ల భుజం మీదుగా చూస్తూ, "ఏం కావాలమ్మా నీకు? ఎందుకు దీన్ని పట్టుకున్నావు?" అని మర్యాదగా అడిగింది. మసినా కళ్ళు మూసుకుని ఉంది. "నేను చెప్పాను. అది వినలేదు" అంది. అది మన అమ్మ గొంతని నేను అనను. పిల్ల గొంతే. కానీ ఆ విరుపు, 'వినలేదు' దగ్గర ఆ నిట్టూర్పు అమ్మదే లుపే. చిన్నప్పుడు మనం నీళ్ళ కుండ పగలగొట్టినప్పుడు అలాగే అనేది.

పౌలినా చేతులు తుడుచుకుని, "మీ ఇంట్లో ఎవరో ఒక మాట మింగారు. అది బయటికి రాకపోతే పిల్లని వదలదు. వెతుకు. ముందు నీతో మొదలుపెట్టు" అంది.

సరే, నాతోనే మొదలుపెడుతున్నాను. కోర్టులో జరిగింది బడి కోసం కాదు. ఆ రోజు జడ్జిగారు, "ఈ రోజునుంచి ఈ పిల్ల మీకు పుట్టినట్టే. మొదటి తల్లికి ఇక ఏ హక్కూ లేదు, చుట్టరికం కూడా లేదు" అన్నాడు. నేను తలూపాను. కొత్తగా రాసిన దాని పుట్టుక కాగితంలో తల్లి తిరెసా, తండ్రి సెఫో. నీ పేరు లేదు. మన దగ్గర పిల్లని ఇచ్చినా పుచ్చుకున్నా ఇళ్ళ మధ్య రాకపోకలు ఉంటాయి. ఇక్కడి పద్ధతి అలా కాదని నాకు తెలుసు, నీకు తెలియదు. తెలియకపోవడం నాకు పనికొచ్చింది. టిక్కెట్లు పిరం కాదు. అక్టోబరులో పంపితే తిరిగి రాదని భయం.

ఇప్పుడు నువ్వు చెప్పు. అమ్మ పోయిన పొద్దున పక్కన ఉన్నది నువ్వొక్కదానివే. నేను విమానంలో ఉన్నాను. ఏమంది?

తిరెసా

*

వైమోఅనా
సెప్టెంబరు

అక్కా,

మగపిల్లాడు. ఇద్దరం కులాసాగా ఉన్నాం. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను.

నీ ఉత్తరం చదివాక రెండు వారాలు నీ మీద కోపంతో పాలు పడలేదు. చుట్టరికం కూడా లేదా? నేను మోశాను, నేను కన్నాను, ఎవరో టై కట్టుకున్నాయన లేదనగానే లేకుండా పోతుందా? నువ్వు తలూపావా? పెనికి చెప్పాను. తను కొడవలి తీసుకుని తోటకెళ్ళి సాయంత్రం దాకా అరటిచెట్లు నరికాడు. కాసే చెట్లు కూడా.

తర్వాత కోపం దిగింది. ఎందుకంటే నేను చేసిందాని ముందు నీది ఏపాటిది.

ఆ పొద్దున అమ్మ తెలివిగానే ఉంది. మసినా ఆవిడ పక్కన పడుకుని ఉంది, ఎప్పట్లాగే అమ్మ చెయ్యి చెంప కింద పెట్టుకుని. అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "ఇది నీ పిల్ల. మొదటి కాన్పు పిల్లని నేనే ఉంచేసుకున్నాను, నువ్వు ఏడ్చినా ఇవ్వలేదు. ఇప్పుడు తిరిగి ఇస్తున్నాను. నువ్వు పెంచు. ఎవరడిగినా ఇవ్వకు. తిరెసా అడుగుతుంది. దానికి కూడా ఇవ్వకు" అంది. సరే అన్నాను. నా చేత మళ్ళీ అనిపించుకుంది. అన్నాను.

పోయేవాళ్ళ మాట దాటితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా దాటాను. మట్టి చేసిన మర్నాడు, చావు మర్యాదకి నేత చాపలు పంచుతున్నప్పుడు, కులపెద్దల ముందు నువ్వు అడిగావు. అందరి కళ్ళూ నా మీద. ఊరంతా తినే డబ్బా చేపలనుంచి అమ్మ శవపేటిక దాకా నీ కష్టంతో వచ్చినవే. పెద్దదానివి, పిల్లలు లేనిదానివి. కాదంటే ఏ మొహం పెట్టుకుని ఈ ఊళ్ళో తిరగను? అమ్మ మాట చెబితే సరిపోయేది. నీకు తప్ప మిగతా అందరికీ అర్థమయ్యేది. 'నీకు కూడా ఇవ్వద్దంది' అని నీ మొహం మీద ఎలా అనను?

ఇదీ నిజమే, కానీ మొత్తం నిజం కాదు. మొత్తం చెబుతాను. అమ్మ పోయాక ఆ వారం అంతా మసినా నా పక్కకి రాలేదు. రమ్మంటే, "నేను అమ్మ దగ్గర పడుకుంటాను" అని సమాధి మట్టి మీదికి వెళ్ళేది. ఎత్తుకొస్తే నన్ను రక్కింది. "నువ్వు లుపెవి" అంది. కన్న పిల్ల అక్కా. ఐదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి దానికి నేను వంట చేసే మనిషిని. నువ్వు అడిగినప్పుడు నాలో ఏదో, పోనీ, పోతే పోనీ అంది. ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే తల ఊపాను. నువ్వు కోర్టులో ఊపినట్టే.

పిల్ల ఇవతల గట్టున లేదు, అవతల గట్టున లేదు. అమ్మకీ ఉండడానికి చోటు లేదు, దాని వెంట పడి వెళ్ళింది. ఈ పాపం నాది.

ఇచ్చిన పిల్లని తిరిగి ఇమ్మని అడిగే నోరు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. దాన్ని తీసుకురా.

లుపె

*

గ్రే లిన్
సెప్టెంబరు చివర

లుపే,

నీకు నేను రాసి చింపిన ఉత్తరాలు పొయ్యిలో ఉన్నాయి. ఒకదాంట్లో నిన్ను నానా మాటలూ అన్నాను. ఒకదాంట్లో, చట్టం నాది, పిల్ల నాది, కావాలంటే వచ్చి లాక్కో అన్నాను. ఇంకొకదాంట్లో ఏడుపు తప్ప ఏమీ లేదు.

జనవరిలోనే చెప్పి ఉంటే నేను ఏడ్చి, రెండు తిట్టి, ఒక్కదాన్నే విమానం ఎక్కేదాన్ని. గదికి రంగు వేసేవాళ్ళం కాదు. దాని బరువు ఎంతో నా చేతులకి తెలిసేది కాదు. దానికి నిన్ను క్షమించడం కష్టం. ప్రయత్నిస్తాను.

తిరెసా అడుగుతుంది, దానికి కూడా ఇవ్వకు. మన అమ్మకి నా సంగతి ఎంత బాగా తెలుసో చూడు.

సెఫోకి నీ ఉత్తరం చదివి వినిపించాను. చాలాసేపు బూటు తాడు విప్పుతూ కూర్చున్నాడు. "మనం తెచ్చుకుంది పిల్లని అనుకున్నాం. అమ్మమ్మ దగ్గరనుంచి ఎత్తుకొచ్చాం" అన్నాడు. తర్వాత, "రోజూ ఆ పిలుపు వింటూ నేను పనికెళ్ళలేను తిరెసా, పంపేద్దాం" అన్నాడు. నా మొగుడు ఎద్దులా పని చేస్తాడు, ఎప్పుడూ ఏదీ వద్దని అనలేదు. మొదటిసారి అన్నాడు.

పౌలినా మళ్ళీ వచ్చింది. నీ మాటలు పిల్ల వినేలా పైకి చదవమంది. చదివాను, అమ్మ అన్నదంతా, నువ్వు అన్నదంతా. మసినా వింటూ గోళ్ళు కొరుక్కుంది. అయిపోయాక, "అయితే మనం వెళ్ళాలి" అంది. వెళ్దామా అనలేదు, వెళ్ళాలి అంది. ఆ రోజు సాయంత్రం రెండు కంచాలు తింది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పడవ దిగే రోజు సావిలి చేత కబురు పంపుతాను. పిల్లల ఆదివారానికి ముందే వస్తాం. కోర్టు కాగితం వెనక్కి తీయడం కుదరదట, అడిగాను. ఆ కాగితం ప్రకారం నేను కన్నాను, నువ్వు దానికి పిన్నివి. ఉండనీ. దేవుడు మన కాగితాలు చదవడని అనుకుంటాను.

గౌను కొలత ఇందులో రాశాను. ఇప్పటి కొలత కంటే కాస్త వదులుగా కుట్టు. అక్కడికొచ్చాక ఒళ్ళు చేస్తుంది.

తిరెసా

*

గ్రే లిన్
నవంబరు

లుపే,

క్షేమంగా చేరాను. విమానంలో పక్క సీటు ఖాళీ. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఎవరైనా వస్తారా అని అడిగింది, లేదన్నాను.

గుడిలో మసినా సగం వాక్యం చెప్పి మిగతాది మరిచిపోయి, ఊరందరి ముందూ చేతులు నడుముకి పెట్టుకుని, "అంతే" అన్నప్పుడు పాస్టరుగారి మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. బస్సులో కూడా నవ్వాను. పక్కనున్నావిడ జరిగి కూర్చుంది.

రేవులో పడవ కదిలాక అది నా కోసం ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు. నీ చెయ్యి పట్టుకోలేదు, నిన్ను వదల్లేదు, నీ పావడా అంచు పట్టుకుని నుంచుంది. నాకు అది చాలనుకున్నాను. పడవ మధ్యలోకి వచ్చాక చాలదని తెలిసింది. అప్పటికి మీరు కనబడటం లేదు.

ఇక్కడ ఏమీ మారలేదు. డూలన్ ఇంకా ఆ వేళకి వస్తాడు. పిల్ల లేదు కదా, ఇక రానక్కర్లేదని చెప్పలేక వడ్డిస్తున్నాను. గదిలో చాప చుట్టి పెట్టాను. ఎవరూ పిలవరు. మొదట్లో హాయిగా అనిపిస్తుందనుకున్నాను.

నీకు ఒక మాట చెప్పాలి, సెఫోకి కూడా చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళకి ఇల్లు వదిలి ఫ్యాక్టరీ పనికి వచ్చాను. తర్వాత అమ్మని చూసింది మూడుసార్లు, మూడోసారికి ఆవిడ పెట్టెలో ఉంది. డబ్బు పంపాను, చేపలు పంపాను, గుడి కప్పుకి రేకులు పంపాను. చుట్టాల ఇంటికి కూడా వెళ్ళి ఓ పూట ఉండని మనిషి, సముద్రం దాటి నా ఇంటికొచ్చింది. నెలల తరబడి నా గుమ్మంలో, నా వాకిట్లో ఉంది. చలేస్తోందని పిల్లకి చెప్పింది, దుప్పటి అడిగింది, వినలేదని నిన్ను తిట్టింది. నా పేరు ఒక్కసారి ఎత్తలేదు. నేను రోజూ అదే వింటూ కూర్చున్నాను లుపే. పిల్లకి జబ్బని భయపడుతూనే, ఈ రోజైనా అడుగుతుందేమో, తిరెసా తిన్నదా అంటుందేమో అని.

ఇప్పుడు పిల్లతో పాటు ఆవిడా వచ్చేసింది మీ దగ్గరికి. అది న్యాయమే. నువ్వు ఒక పని చెయ్యి. మసినాని మెల్లగా, ఆటలో పెట్టి అడుగు. అమ్మ ఎప్పుడైనా నా సంగతి ఏమైనా అందా అని. లేదంటే లేదనే రాయి. మనం ఇక ఒకరికొకరం తీపి మాటలు రాసుకోవద్దు.

తిరెసా

*

వైమోఅనా
డిసెంబరు

అక్కా,

తీపి మాటలు వద్దన్నావు కనక ఉన్నవి చెబుతాను. మసినా నన్ను ఇంకా లుపె అనే పిలుస్తోంది. నా పక్కన పడుకుంటోంది, కానీ నిద్రపట్టాక దొర్లి తమ్ముడి వైపుకి పోతుంది. పెని నేర్పించబోతే నేనే వద్దన్నాను. పిలిస్తే పిలుస్తుంది, లేకపోతే లేదు. నిన్న స్నానం చేయిస్తుంటే కళ్ళలో సబ్బు పడిందని నన్ను తిట్టింది. అమ్మని తిట్టినట్టే తిట్టింది. నాకు ఎంత బాగుందో.

ఒళ్ళు చేసింది. గౌను అప్పుడే బిగుతు.

నువ్వు అడగమన్నది అడగడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఎందుకంటే ఒక సంగతి గమనించాను, నీకు రాయాలో వద్దో తెలియలేదు. ఇక్కడికొచ్చినప్పటినుంచీ మసినా సమాధి దగ్గరికి వెళ్ళడం లేదు. కంచం పట్టుకుని నేరుగా మా మధ్యకి వచ్చి కూర్చుంటుంది. అమ్మ వదిలేసింది, శాంతించింది అని పిన్ని దేవుడికి దండం పెట్టింది. నేనూ అదే అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం కొబ్బరి తురుముతుంటే పక్కన కూర్చుని పిప్పి తింటోంది. అడిగాను. "అమ్మ దగ్గరికి వెళ్ళడం లేదేమే?"

"అమ్మ ఇక్కడ లేదుగా" అంది.

"మరెక్కడుంది? నీతో రాలేదా?"

నేను బుద్ధిలేనిదాన్నన్నట్టు చూసింది. "రాలేదు. మేం విమానం ఎక్కే రోజు, నువ్వెళ్ళు, నేను ఇక్కడే ఉంటానంది. తిరెసా ఒక్కతే అయిపోతుందంది."

ఇంకా ఏమైనా అందా అని అడిగాను. లేదంది. పిప్పి అయిపోయింది, ఇంకాస్త పెట్టమని చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఏడిచాను, అది విసుక్కుని లాక్కుంది.

అంతే అక్కా. దానిమీద నేను ఒక్క మాట కూడా కలపలేదు.

లుపె